పెట్టె మీది అంకె కొలత కాదు

నిరుడు సంక్రాంతి సెలవులయి బడి తెరిచిన వారంలో తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు మా ప్రయోగశాల గుమ్మంలో వచ్చి నిలబడ్డాడు. చేతిలో రెండు పెట్టెలున్నాయి. పెద్ద పెట్టెలో వాళ్ళ మేనమామ విదేశం నుంచి తెచ్చిన ప్లాస్టిక్ ట్యాంకు నమూనా ఉంది. అమెరికావారి షెర్మన్ ట్యాంకు, ఎం4ఏ3 రకం. చిన్న పెట్టెలో వాడు పండుగ డబ్బులు కూడబెట్టి పోస్టులో తెప్పించుకున్న టరెట్ ఉంది. టరెట్ అంటే ట్యాంకు మీద తిరిగే, ఫిరంగి ఉండే బురుజు. షెర్మన్‌ను బ్రిటిష్ సైన్యంవారి ‘ఫైర్‌ఫ్లై’గా మార్చడానికి వేరే తయారీదారు రెసిన్‌తో పోతపోసి అమ్మే భాగమది.

"కుదరలేదు మాస్టారూ" అన్నాడు.

నాకు తల కొట్టేసినట్లయింది. ఎందుకంటే దాన్ని కొనమన్నది నేనే. డబ్బు పంపేముందు వాడు నన్ను అడిగాడు. రెండు పెట్టెల మీదా 1/35 అనే ఉంది, రెండింటి మీదా షెర్మన్ అనే ఉంది. "మరి అనుమానమేమిట్రా? నిష్పత్తి ఒకటే అయినప్పుడు తప్పక సరిపోతుంది" అన్నాను. ముప్ఫై ఏళ్ళుగా నిష్పత్తులు, కొలతలు పాఠం చెబుతున్నవాణ్ణి కొలవకుండా మాట చెప్పాను. నష్టం పిల్లవాడికి వచ్చింది. ఆ తప్పు దిద్దుకోవడానికే ఈ వ్యాసం.

ముందు ఆ 1/35 సంగతి చూద్దాం. అసలు ట్యాంకులో 35 సెంటీమీటర్లున్నది నమూనాలో ఒక్క సెంటీమీటరు ఉంటుందని దాని అర్థం. షెర్మన్ టరెట్ కూర్చునే వలయం వ్యాసం 69 అంగుళాలు, అనగా 1752.6 మిల్లీమీటర్లు. దీన్ని 35తో భాగించండి, 50.1 మిల్లీమీటర్లు వస్తుంది. 32తో భాగిస్తే 54.8, 48తో అయితే 36.5, 72తో 24.3, 76తో 23.1 వస్తాయి. 32, 35 దగ్గర దగ్గర అంకెలే కదా అనిపిస్తుంది. కాని పొడవులో తేడా నూటికి తొమ్మిది పాళ్ళు దాటుతుంది. ఘనపరిమాణంలో అయితే ముప్ఫై పాళ్ళు పైనే! పక్కపక్కన పెడితే ఒకటి అన్న, ఒకటి తమ్ముడు అన్నట్లుంటాయి.

ఈ అంకెలన్నీ ఎవరో లెక్కలవారు కూర్చుని నిర్ణయించినవనుకుంటే పొరపాటే. 1/72 అంటే ఆరడుగులకు ఒక అంగుళం. 1/48 అంటే అడుగుకు పావు అంగుళం. ఇవి అంగుళాల దేశాల్లో పుట్టిన లెక్కలు. 1/76 బొమ్మ రైళ్ళ నుంచి వచ్చింది. అడుగుకు నాలుగు మిల్లీమీటర్లు. బ్రిటన్‌లోని ఎయిర్‌ఫిక్స్ సంస్థ తన చిన్న ట్యాంకుల పెట్టెల మీద చాలాకాలం ‘హెచ్ఓ, ఓఓ’ అని జంటగా అచ్చువేసింది. అవి రెండు వేర్వేరు రైలు కొలతలు, ఒకటి 1/87, రెండోది 1/76. ఒకే బొమ్మ రెండు నిష్పత్తుల్లో ఎలా ఉంటుంది చెప్పండి!

1/35 కథ మరీ విచిత్రం. 1960ల మొదట్లో జపానులోని తమియా సంస్థ మోటారుతో నడిచే పాంథర్ ట్యాంకు బొమ్మను చేసింది. లోపల మోటారు, రెండు బ్యాటరీలు పట్టాలి కనుక దానికి తగిన సైజు పెట్టుకున్నారు. తరువాత కొలిచి చూస్తే అది సుమారు 1/35 అని తేలింది. అదే నిలిచిపోయి, నేడు ప్రపంచమంతటా ట్యాంకు నమూనాలకు ఎక్కువగా వాడే కొలతయింది. అంటే ముందు బ్యాటరీ, తరువాత నిష్పత్తి! మోటారు పట్టడం కోసం కొన్ని పాత కిట్లలో ట్యాంకు శరీరాన్ని ఉండవలసినదానికంటే కాస్త వెడల్పు కూడా చేశారు. పెట్టె మీది అంకె తయారీదారు చెప్పే మాట. అది కొలత కాదు. కొలత అనేది మన చేతిలోని పరికరం చెప్పాలి.

ఆ రోజు బీరువాలోంచి వెర్నియర్ కాలిపర్స్ తీశాం. కిట్టులో టరెట్ కూర్చునే రంధ్రం 50.4 మిల్లీమీటర్లు ఉంది. రెసిన్ టరెట్ కింది మెడ 49.6 ఉంది. తేడా 0.8 మిల్లీమీటరు. అందుకే టరెట్ గిన్నెలో గోళీలాగా కదులుతోంది.

ఈ తేడాకు రెండు కారణాలుంటాయి. మొదటిది, విడి భాగాలు చేసేవారు ఏదో ఒక కంపెనీ కిట్టును ఎదురుగా పెట్టుకుని దానికి అతికేటట్టు చేస్తారు. మెడ వ్యాసం, టరెట్ ఊడిపోకుండా పట్టే చెవులు ఒక్కో కంపెనీకి ఒక్కో తీరుగా ఉంటాయి. ఈ చిన్న పెట్టె మీద ఏ కిట్టుకు చేశారో రాయలేదు. రెండోది రసాయన శాస్త్రానికి సంబంధించింది. రెసిన్‌ను ద్రవంగా అచ్చులో పోస్తారు. గట్టిపడేటప్పుడు దాని అణువులు ఒకదానితో ఒకటి బంధం వేసుకుని దగ్గరికి జరుగుతాయి, కనుక ముక్క కొద్దిగా ముడుచుకుంటుంది. నూటికి ఒక పాలు ముడుచుకున్నా 50 మిల్లీమీటర్ల వలయంలో అర మిల్లీమీటరు పోతుంది. పోతపోసిన ముక్కనే మాతృకగా పెట్టి మళ్ళీ అచ్చు తీస్తే ముడత మీద ముడత!

అయితే ఈ జబ్బుకు మందు తేలికే. నోటుపుస్తకం కాగితం మందం సుమారు 0.1 మిల్లీమీటరు. మెడ చుట్టూ ఒక చుట్టు చుడితే అటు 0.1, ఇటు 0.1 కలిసి వ్యాసం 0.2 పెరుగుతుంది. నాలుగు చుట్లు చుడితే 0.8! కాగితం పట్టీ చుట్టాం, టరెట్ చక్కగా కూర్చుంది. పిల్లవాడి ముఖం విప్పారింది. నా తప్పు అయిదు నిమిషాల్లో దిద్దుకున్నాననుకుని నేనూ సంతోషించాను.

మర్నాడు వాడు మళ్ళీ వచ్చాడు. ఈసారి చేతిలో ఒక ఫోటో. 1944లో ఫ్రాన్సులోని నార్మండీలో తీసిన ఫైర్‌ఫ్లై ఫోటో అది. "మాస్టారూ! ఫోటోలో చక్రాల జతల మధ్య ఎడం ఎక్కువుంది. నా ట్యాంకులో దగ్గరగా ఉన్నాయి. దాని ట్రాక్‌లో పక్కకు 83 పలకలుంటాయట. నాదాంట్లో 79 ఉన్నాయి. నాలుగు తక్కువ" అన్నాడు.

ఈ నాలుగు పలకల్లోనే అసలు శాస్త్రమంతా ఉంది. షెర్మన్ అనేది ఒక్క ట్యాంకు పేరు కాదు, ఒక కుటుంబం పేరు. యుద్ధకాలంలో ఒకే రకం ఇంజను కావలసినన్ని దొరకలేదు. అందుకని ఏ కార్ఖానాకు ఏది అందితే అది బిగించారు. ఎం4ఏ3లో ఫోర్డ్ వారి ఎనిమిది సిలిండర్ల ఇంజను. ఎం4ఏ4 సంగతి వింటే ఆశ్చర్యపోతారు. క్రైస్లర్ వారు తమ కార్ల ఇంజన్లు అయిదింటిని ఒకచోట చేర్చి ఒక్క ఇంజనుగా చేశారు. ఒక్కోదానికి ఆరు సిలిండర్లు, మొత్తం ముప్ఫై! అంత పెద్ద యంత్రం పాత శరీరంలో పట్టలేదు. ట్యాంకును 11 అంగుళాలు పొడిగించి, చక్రాల జతలను ఎడంగా జరిపారు.

ఇప్పుడు లెక్క వెయ్యండి. ట్రాక్ కిందా పైనా తిరిగే గొలుసు. శరీరం 11 అంగుళాలు పెరిగితే గొలుసు 22 అంగుళాలు పెరగాలి. ఒక్కో పలక పొడవు 6 అంగుళాలు. 22ను 6తో భాగిస్తే మూడు పలకలు దాటుతుంది, నాలుగుకు చాలదు. పలకను ముక్క చేయలేం కనుక నాలుగు వేశారు. మిగిలిన కొద్దిపాటి వదులును వెనుక చక్రాన్ని సర్ది బిగిస్తారు. 79కి నాలుగు కలిపితే 83. కుర్రవాడు లెక్కపెట్టింది అక్షరాలా నిజం!

బ్రిటిష్‌వారు 1944లో పదిహేడు పౌండ్ల పెద్ద ఫిరంగిని షెర్మన్ టరెట్‌లో బిగించి ఫైర్‌ఫ్లై చేశారు. ఆ ఫిరంగి గొట్టం పొడవు 4.19 మీటర్లు, 1/35లో దాదాపు 12 సెంటీమీటర్లు. టరెట్‌లో చోటు చాలక వెనుక గోడకు రంధ్రం కోసి, బయట ఒక పెట్టె అమర్చి, రేడియోను అందులోకి తరలించారు. చూశారా, అసలు ఫైర్‌ఫ్లై కూడా ఒక మార్పిడి నమూనాయే! ఇందుకు ఎక్కువగా తీసుకున్నవి పొడుగు ఎం4ఏ4 ట్యాంకులు. టరెట్ వలయం షెర్మన్లన్నింటికీ 69 అంగుళాలే కనుక ఫైర్‌ఫ్లై టరెట్ ఎం4ఏ3 మీద కూడా కూర్చుంటుంది. కూర్చున్నంత మాత్రాన అది ఆ ఫోటోలోని ట్యాంకు అవదు. 11 అంగుళాలంటే 1/35లో 8 మిల్లీమీటర్లు. 0.8 మిల్లీమీటరు కాగితంతో తీరింది. ఈ 8 మిల్లీమీటర్లు ఏ కాగితంతోనూ తీరవు.

అందుచేత నేను చెప్పేదేమంటే, సరిపోవడం వేరు, సరైనది కావడం వేరు. మొదటిది వెర్నియర్ చెబుతుంది. రెండోది చరిత్ర, ఇంజనీరింగు చెబుతాయి. రెండింటినీ అడగకుండా ఒక్క పైసా ఖర్చుపెట్టకూడదు. అమ్మేవారికి కూడా ఒక మాట. ఏ కంపెనీ కిట్టును కొలిచి చేశారో, ఏ రకం ట్యాంకుకు పనికొస్తుందో రెండు వాక్యాలు అచ్చువేయడానికి ఎంత సిరా పడుతుంది? మందు సీసా మీద మోతాదు రాయకుండా అమ్మితే ఊరుకుంటామా?

"బొమ్మ ట్యాంకు కోసం ఇంత రాద్ధాంతమా? ఎనిమిది మిల్లీమీటర్లు ఎవరి కంటికి కనబడతాయి?" అని మా ఉపాధ్యాయుల గదిలోనే ఒకరన్నారు. కనబడింది తొమ్మిదో తరగతి కుర్రవాడికి. "యుద్ధం బొమ్మలు పిల్లలకెందుకు?" అని ఇంకొకరన్నారు. ఈ ప్రశ్నను నేను తేలిగ్గా తీసిపారేయను. కాని నిజమైన కొలతలతో చేసిన నమూనా యుద్ధాన్ని ఆటగా చూపదు. ఫైర్‌ఫ్లైలో పెద్ద గుండ్లకు చోటు కోసం డ్రైవరు పక్కన కూర్చునే మనిషిని తీసివేశారు. మిగిలినవారు ఎంత ఇరుకులో కూర్చున్నారో ఆ లోపలి కొలతలే చెబుతాయి. నిజాం రాజ్యపు అశ్వదళం నుంచి పుట్టిన డెక్కన్ హార్స్ దళం 1945లో బర్మాలోని మెయిక్టిలాలోనూ, 1965లో పంజాబులోని అసల్ ఉత్తర్‌లోనూ పోరాడింది ఈ షెర్మన్లలోనే. బొమ్మలో ఒప్పు కొలత ఉండాలనడం ఆ మనుషుల పట్ల మర్యాద కూడా.

ఇక మీలో ఎవరైనా ఇలాంటి పని తలపెడితే నా అనుభవం వినండి. ముందు భాగం కొనకండి, ముందు ఫోటో సంపాదించండి. ఏ ఊరు, ఏ సంవత్సరం, ఏ రకమో తేల్చుకోండి. చక్రాలు, పలకలు లెక్కపెట్టండి. అసలు కొలతను నిష్పత్తితో భాగించి కాగితం మీద రాసుకుని, మీ కిట్టును కొలిచి పక్కన వెయ్యండి. అప్పుడు భాగం ఏ కిట్టుకు చేసినదో అమ్మేవారిని అడగండి. జవాబు రాకపోతే డబ్బు పంపకండి. భాగం చేతికి వచ్చాక జిగురు పెట్టకుండా అమర్చి చూడండి. ప్లాస్టిక్‌కు వాడే జిగురు రెండు అంచులనూ కరిగించి ఒకటి చేస్తుంది. రెసిన్‌ను అది కరిగించలేదు, దానికి వేరే జిగురు కావాలి. రెసిన్‌ను ఆకురాయితో అరగదీసేటప్పుడు తడిచేసి, ముక్కుకు గుడ్డ కాదు, దుమ్ము ఆపే మాస్కు కట్టుకోండి. ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

బళ్ళలో వెర్నియర్ ఏడాదికొకసారి బయటికి వస్తుంది. ఒక ఇనుప గుండును కొలిచి, పుస్తకంలోని జవాబు వచ్చిందాకా దిద్ది, మళ్ళీ బీరువాలో పెట్టేస్తాం. జవాబు ముందే తెలిసిన కొలతలో పిల్లలకు రుచి ఏముంటుంది? తన పండుగ డబ్బులు పోయాయో మిగిలాయో తేల్చే కొలతను మాత్రం ఆ కుర్రవాడు మూడుసార్లు తీశాడు. మూడుసార్లూ సగటు కట్టాడు. నేను చెప్పకుండానే!

టరెట్ డబ్బు నేనిస్తానన్నాను. వాడు తీసుకోలేదు. "కొలవలేదు మీరే కాదు, నేను కూడా కదా మాస్టారూ" అన్నాడు. ఎం4ఏ3ను ఎం4ఏ3గానే పూర్తిచేశాడు. ఫైర్‌ఫ్లై టరెట్‌ను పొడుగు శరీరం దొరికేదాకా ఉంచమని నాకిచ్చాడు. అది ఇప్పుడు మా ప్రయోగశాల బీరువాలో వెర్నియర్ పక్కనే ఉంది. ఈ ఏడు తొమ్మిదో తరగతికి ఇనుప గుండు ఇవ్వలేదు, దాన్నే ఇచ్చాను. మెడకు నాలుగు చుట్ల కాగితం ఇంకా అలాగే ఉంది. తీసి కొలవాలో, ఉంచి కొలవాలో వాళ్ళనే తేల్చుకోమన్నాను.