గాలిమోటారుకు కరెంటు

మా నారాయణఖేడ్ వైపు పాతకాలపు పెద్దలు విమానాన్ని గాలిమోటారు అంటారు. పేరుకు మోటారే గాని, అది తాగేది కిరసనాయిలు. ఒకనాడు మన ఇండ్లలో బుడ్డిదీపాలకు పోసుకున్న చమురుకు దగ్గరి చుట్టమే.

హైదరాబాదు నుంచి ఢిల్లీకి 180 మందిని మోసుకుపోయే విమానం దారిలో సుమారు 5 టన్నుల చమురు కాలుస్తుంది. కిలో చమురు కాలితే, గాలిలోని ప్రాణవాయువును కలుపుకొని, మూడు కిలోలకు పైగా బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. తలకు ఇంచుమించు 90 కిలోలన్నమాట!

ఆటోలూ బస్సులూ బ్యాటరీతో నడుస్తూంటే విమానానికేమి వచ్చిందని మీరడగవచ్చు. చిక్కంతా తూకంలో ఉంది. కిలో చమురులో ఉన్న శక్తిని నేటి బ్యాటరీలో నింపాలంటే నలభై అయిదు కిలోలకు పైగా కావాలి. కరెంటు మోటారు శక్తిని వృథా చేయదు గనుక ఆ ఇబ్బంది సగానికి పైగా తగ్గుతుంది. అయినా ఆ 5 టన్నుల చమురుకు బదులు దాదాపు 100 టన్నుల బ్యాటరీ ఎక్కించాలి. ఆ విమానమో, మనుషులతో, సామానుతో, చమురుతో కలిపి 79 టన్నులు మించితే లేవరాదు! పైగా చమురు కాలినకొద్దీ విమానం తేలికవుతుంది. బ్యాటరీ ఖాళీ అయినా బరువు తగ్గదు.

కనుక ప్రయత్నాలు చిన్నవాటితో మొదలైనాయి. 2022 సెప్టెంబరులో అమెరికాలో తొమ్మిదిమంది పట్టే 'ఆలిస్' అనే విమానం బ్యాటరీతో ఎనిమిది నిమిషాలు ఎగిరింది. మన బెంగుళూరు ప్రయోగశాల ఇద్దరు కూర్చునే 'ఈ-హంస'ను తయారుచేస్తామని 2025లో ప్రకటించింది. పెద్ద విమానంలో చమురునూ కరెంటునూ జోడించి చూద్దామని ఎయిర్‌బస్, రోల్స్‌రాయిస్ కంపెనీలు 2017లో తలపెట్టిన పని 2020లో, ఎగరకుండానే ఆగిపోయింది.

మరొక మాట. ఆ బ్యాటరీని నింపే కరెంటు పాల్వంచ బొగ్గునుంచే వస్తే, పొగ ఆకాశంనుంచి నేలకు దిగిందనుకోవాలే గాని పోయిందనుకోరాదు. ఎండకూ గాలికీ పుట్టిన కరెంటైతేనే ఫలం.

జన్మలో విమానమెక్కని మెట్టరైతు కూడా వానలు గతి తప్పితే మనతోపాటు నష్టపోతాడు. అందుకని, బ్యాటరీ తేలికయ్యేదాకా కూర్చోకుండా, రైలు చాలినచోట రైలెక్కడం చదువుకున్నవారు ఈనాడే చేయగల పని.