గృహవిజ్ఞానము: తెరచుకొనని ఛాయాపటములు

కొండాపురమునుండి యొక సోదరి యిట్లు వ్రాయుచున్నారు: "1995లో మే మమెరికాలో నుండగా మా అత్తగారు వచ్చిరి. అప్పుడు తీసిన పటము లొక బిళ్లమీద నున్నవి. ఈ యేడు వారు గతించిరి. పటము కట్టింపవలెనని చూడగా బిళ్ల తెరచుకొనలేదు. మా అబ్బాయి హైటెక్ సిటీలో కంప్యూటరు కొలువు చేయుచున్నాడు. వానికిని సాధ్యము కాలేదు."

అది కొడాక్ కంపెనీవారు 1992లో విక్రయమునకు దెచ్చిన ఫోటో సీడీ. 1998లో ప్రారంభమైన సైబర్ టవర్సుకంటె పాత పద్ధతి. మీ కుమారుని తప్పులేదు. అందలి పటముల పేళ్ల చివర పీసీడీ యని యుండును. ఆ కూర్పు కంపెనీవారి స్వంతము. వారు దానిని విడిచిన పిదప నేటి యంత్రము లనేకము దానిని గుర్తింపవు. 1892లో రాజా దీనదయాళ్ హైదరాబాదున ఘోషాస్త్రీలకై ప్రత్యేక ఫోటోశాల నెలకొల్పెను. ఆనాటి గాజుపలకను నేడును వెలుతురునకు బట్టి చూచిన మనిషిని పోల్చవచ్చును. ఈ బిళ్లకో, దాని భాష యెరిగిన సాధనము కావలెను.

సోదరీ, నిరాశ వలదు. మొదట నింట పాత నెగటివులు వెదకుడు. ఆ పటములు సాధారణముగ ఫిల్మునుండియే బిళ్ల కెక్కినవి. అవి దొరకనిచో, విడిగా తగిలించు సీడీ డ్రైవు తెచ్చి, బిళ్లలోని దంతయు కంప్యూటరులోనికి నకలు తీయుడు. పేరు చివర పీసీడీ తుడిచి జేపీజీ యని వ్రాసిన లాభములేదు; డబ్బామీద చీటీ మార్చిన ఉప్పు పంచదార యగునా?

ఇమేజ్‌మాజిక్, ఇర్ఫాన్‌వ్యూ మున్నగు సాధనములు గృహోపయోగమునకు ఉచితముగ లభించును. ఇర్ఫాన్‌వ్యూకు అదనపు ప్లగిన్లుకూడ చేర్చుకొనవలెను. ఒక్కొక్క పటము అయిదు పరిమాణములలో నుండును. వచ్చినది 768, 512 చుక్కల దైనచో తృప్తిపడకుడు. 3072, 2048 చుక్కలది తీయింపుడు. అందు పదునారు రెట్లు వివరముండును. తెల్లచీర మడతలు కానరాక వెలవెలబోయినచో, సాధనము రంగులను సరిగా మార్చలేదన్నమాట, వేరొకటి ప్రయత్నింపుడు.

దాచుకొనుటకు టిఫ్, బంధువులకు పంపుటకు జేపెగ్ రూపము మంచిది. మూలప్రతిని పారవేయకుడు. ఇంటి స్త్రీల పటములను, మార్చియిత్తుమను అపరిచితుల కంపకుడు. పని యింటనే కావలెను.

పటము కట్టించిననాడు వెనుక అత్తగారి పేరును, తీసిన సంవత్సరమును వ్రాయుడు. ఆ సంగతి యే సాధనమును మీ మనుమరాండ్రకు చెప్పలేదు.