పాత యంత్రమునకు క్రొత్త ప్రాసెసరు

మన పాఠశాల కంప్యూటరు గదిలోని యంత్రములను అమ్మివేయవలెనా, బాగుచేయించవలెనా యను చర్చ తల్లిదండ్రుల నడుమ కొంతకాలముగా సాగుచున్నది. అవి 2011 ప్రాంతపు యంత్రములు. వానిలోనిది ఇంటెల్ వారి కోర్ ఐ3-2100 ప్రాసెసరు. రెండు కోర్లు మాత్రమే గలది. నేడు వాటిపై ఒక వీడియో పాఠము తెరచినచో బొమ్మ నిలిచిపోవును, మాట మాత్రము ముందుకు సాగును. మా అభిప్రాయమును దాచక చెప్పుచున్నాము: వీనిని అమ్మరాదు. ప్రాసెసరు మార్చుటవలన లాభము గలదు. కాని అది మొదట చేయవలసిన పని కాదు.

ఇది కేవలము డబ్బు విషయమని కొందరు తలచుచున్నారు. మాకు మరియొక చింత గలదు. తెలుగు వ్యాసమును టైపు చేయునపుడు అక్షరము తెరపై ఆలస్యముగా పడినచో, "తెలుగు గదా, నెమ్మదిగానే వచ్చును" అని పిల్లలు నవ్వుకొనుట మేము పలుమార్లు వింటిమి. ఈ మాటను తేలికగా విడువజాలము. వీధిలో కన్నడమును, దుకాణముల పలకలపై ఆంగ్లమును చూచుచు, తరగతిలో తెలుగు చదువుకొను పిల్లవానికి యంత్రపు జాడ్యము తన భాషయొక్క జాడ్యముగా తోచుట ఎంత అన్యాయము! నిజమునకు మన అక్షరములను కూర్చుట ఆ పాత ప్రాసెసరుకు సైతము పూచికపుల్లంత బరువు గాదు. యూనికోడులో తెలుగు లిపికి 1991లోనే స్థానము లభించినది. 2001లో వెలువడిన విండోస్ ఎక్స్‌పీ నాటికే తెలుగు వ్రాయుటకు వీలేర్పడినది. మేము ఆంధ్రదేశమున శిక్షణ పొందిన దినములలో ఒక ఫాంటుతో కూర్చిన పాఠము వేరొక యంత్రమున పిచ్చిగీతలై కనబడెడిది. ఆ బాధ నేటి పిల్లలకు లేదు.

మరి జాగు ఎక్కడ జరుగుచున్నది? నేరము ఎవరిదో తేల్చక శిక్ష విధింపరాదు. విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరచినచో ప్రాసెసరు, మెమరీ, డిస్కు ఒక్కొక్కటి నూటికి ఎంత పనిలో నున్నదో అంకెలు కనబడును. డిస్కు నూరు చూపుచు ప్రాసెసరు ఇరువదికి మించకున్నచో ప్రాసెసరును మార్చి ప్రయోజనమేమి? తిరిగెడు పాత హార్డ్‌డిస్కును తీసి ఎస్ఎస్‌డీ అమర్చవలెను. మెమరీ నాలుగు జీబీ మాత్రమే యున్నచో ఎనిమిది చేయవలెను. ఈ రెండును ముగిసిన పిదపనే ప్రాసెసరు వంతు. వీడియోలు ఆడించునప్పుడు మాత్రము దోషము దానిదే: నేటి వీడియోలలో కొన్నింటి కూర్పును విప్పు నేర్పు ఆనాటి చిత్రవిభాగమునకు లేదు గనుక, ఆ చాకిరి యంతయు ప్రాసెసరు నెత్తిన పడుచున్నది.

ప్రాసెసరును మనసు వచ్చినట్లు మార్చుటకు వీలులేదు. మదర్‌బోర్డు సాకెట్టు దేనికి చోటిచ్చునో అదియే కొనవలెను. మన యంత్రములది ఎల్‌జీఏ 1155 సాకెట్టు. దానికి అదే తరమునకు చెందిన ఐ5-2400 సరిపడును, కోర్లు నాలుగు. దాని తరువాతి తరపు ఐ5-3470 కూడ కూర్చుండును గాని, పాత బోర్డులకు ముందుగా బయోస్ నవీకరింపవలసి యుండును; ఆ జంజాటము మనకు వలదు. ఐ3కి 65 వాట్ల వేడి లెక్క, ఐ5-2400కు 95 వాట్లు. కావున పాత ఫ్యాను చాలునో లేదో చూడవలెను. ఇవి క్రొత్తవిగా నేడు దొరకవు. ఎస్.పి. రోడ్డులో, అనగా సాదర్ పట్రప్ప రోడ్డులో, పాత సరుకు దొరకును. దుకాణమువారి యెదుటనే బోర్డులో పెట్టించి, యంత్రము లేచుట కన్నులార చూచి పైకము చెల్లించుట మేలు.

క్రొత్త యంత్రములే కొనవలెనను వారి మాటలో ఒక సత్యము గలదు. ఎంత మార్చినను ఈ యంత్రములను విండోస్ 11 అంగీకరింపదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ వారి సాధారణ సహాయము 14 అక్టోబరు 2025తో ముగిసినది. ఐనను దారి మూసుకొనలేదు. పొరుగున కేరళ ప్రభుత్వ పాఠశాలలలో లినక్సుపైననే కంప్యూటరు చదువు సాగుచున్నది. దానిలో తెలుగు కీబోర్డు ఉచితముగా వచ్చును. రాయలసీమనుండి కట్టడపు పనులకు వచ్చి రోజుకూలిపై పిల్లలను చదివించుకొను తల్లిదండ్రులు మనలో నున్నారు. వారి చందాలతో రెండు క్రొత్త యంత్రములు కొని, తక్కిన పిల్లలను వాని వెనుక వరుసగా నిలువబెట్టుట మాకు సమ్మతము గాదు.

ఈ పనిని తొమ్మిదవ తరగతివారే ఉపాధ్యాయుని యెదుట చేయవలెనని మా కోరిక. తీగ ఊడదీసి, పెట్టె ఇనుమును ఒకమారు తాకి, శరీరమునందలి విద్యుత్తును పోగొట్టుకొనవలెను. ఫ్యాను తీసి, మీట ఎత్తి, పాత ప్రాసెసరును అంచులతో పట్టుకొని తీయవలెను. సన్నని సూదులు సాకెట్టులోనే యుండును. ఒక్కటి వంగినను బోర్డు చెడును. మూలనున్న త్రికోణపు గుర్తు సరిచూచి క్రొత్తదానిని ఉంచవలెనే గాని నొక్కరాదు. పైన పెసరగింజంత థర్మల్ పేస్టు చాలును. 1971లో వచ్చిన ఇంటెల్ 4004లో ట్రాన్సిస్టర్లు సుమారు 2,300. 2008లో వెలువడిన ఆరు కోర్ల ఇంటెల్ జియాన్‌లో 190 కోట్లు. ఆ రెండవదాని రూపకల్పన ఈ బెంగళూరు నగరముననే జరిగినది. ఆ ఊరి పిల్లలు ప్రాసెసరును చేతబట్టి యెరుగకుండుట వింతయే.

మొదట ఒక్క యంత్రమునే విప్పి చూతము. అది వీడియో పాఠమును తడబడక చూపినచో తక్కినవి. ఊడదీసిన ఐ3లను అట్టపెట్టెలో భద్రపరచినచో ఎనిమిదవ తరగతికి పాఠోపకరణములగును. పనికిరాని డిస్కులను, బోర్డులను మాత్రము గుజరీ దుకాణమున కీయక, ప్రభుత్వమువద్ద నమోదైన ఈ-వ్యర్థముల సంస్థకే అప్పగింపవలెను.