అడగని మాట, చెప్పని బాధ

ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే అందరమూ కంగారుపడతాము. అమ్మీకి మోకాళ్ల నొప్పులంటే వెంటనే మందులు తెస్తాము. కాని నెలసరి ఆగిపోయిన ఎన్నో ఏళ్లకు మళ్లీ రక్తస్రావం కనిపిస్తే ఆ సంగతి ఆమె చెప్పదు, మనం అడగము. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముదిరేది ఈ మౌనం చాటునే. మన దేశంలో ఏటా లక్షకు పైగా స్త్రీలు దీని బారిన పడుతున్నారు.

ఈ క్యాన్సర్‌కు హ్యూమన్ పాపిలోమా వైరస్‌తో గల సంబంధాన్ని వెలికి తీసినవారు జర్మనీ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌసెన్. ఆయన బృందం 1983లో ఈ వైరస్‌లోని 16వ రకాన్ని, మరుసటి ఏడు 18వ రకాన్ని క్యాన్సర్ కణజాలంలో గుర్తించింది. ఈ వ్యాధిలో దాదాపు 70 శాతానికి ఆ రెండు రకాలే కారణం. ఈ కృషికి ఆయనకు 2008లో నోబెల్ బహుమతి లభించింది.

ఈ వైరస్ ప్రధానంగా లైంగిక సంపర్కం ద్వారా సోకుతుంది. అంతమాత్రాన, పరీక్షలో అది బయటపడిన స్త్రీ నడవడిని శంకించడం ఘోరమైన అన్యాయం. ఆమెకు భర్త నుండే సోకి ఉండవచ్చు. ఏ లక్షణమూ లేకుండా ఏళ్ల తరబడి శరీరంలో దాగి ఉండవచ్చు. అది ఎప్పుడు, ఎవరి నుండి వచ్చిందో ఏ పరీక్షా చెప్పలేదు.

వైరస్ సోకినంత మాత్రాన క్యాన్సర్ వచ్చినట్లు కాదు. చాలామందిలో రెండేళ్లలోపే రోగనిరోధక శక్తి దానిని అణచివేస్తుంది. కొద్దిమందిలో తిష్ఠ వేసినా, అది క్యాన్సర్‌గా పరిణమించడానికి సాధారణంగా 15 నుండి 20 ఏళ్లు పడుతుంది. ఈలోగా కణాలలోని మార్పును కనిపెడితే చిన్నపాటి చికిత్సతోనే తొలగించవచ్చు.

కనుక 30 ఏళ్లు దాటిన స్త్రీలు ఏ బాధా లేకపోయినా వైద్యుల సలహాతో పరీక్ష చేయించుకోవాలి. అది కొద్ది నిమిషాల పని. మహిళా వైద్యురాలు కావాలని అడగడానికి సంకోచించనక్కరలేదు. నెలసరికి, నెలసరికి మధ్య రక్తస్రావం, దుర్వాసనతో కూడిన తెల్లబట్ట కనిపిస్తే జాప్యం చేయరాదు. 9 నుండి 14 ఏళ్ల ఆడపిల్లలకు టీకా వేయించడం అన్నిటికంటే మేలు. టీకా వేయించుకున్నవారు కూడా పెద్దయ్యాక పరీక్ష మానరాదు. ఎందుకంటే టీకా ఈ వైరస్‌లోని అన్ని రకాలనూ అడ్డుకోలేదు.

ఆసుపత్రికి వెళదామని స్త్రీయే నోరు తెరచి అడిగేదాకా ఎదురుచూడవద్దు. భర్తలు, ఎదిగిన బిడ్డలు ముందుగా ఆ మాట ఎత్తాలి. ఈ రోజే మన ఇంట్లో అమ్మీని, ఆపాను అడిగి చూద్దాం.