కాపురాలు చక్కదిద్దేవారికీ కట్టుబాట్లున్నాయి

ఆలుమగల తగవు వీధిన పడితే మన పల్లెల్లో ముందుగా కబురు వెళ్లేది పెద్దమనుషులకే. రచ్చబండ మీద తీర్పు చెప్పే ఆయన ఇరువురికీ చుట్టమో, కనీసం వరసైనవాడో అయి ఉంటాడు. ఆ చనువే ఆయనకున్న అర్హత. అదే తగవు కోర్టు గడప తొక్కితే మాత్రం వ్యవహారం తలకిందులవుతుంది. అక్కడ నచ్చజెప్పడానికి కూర్చునే కౌన్సిలరుకు ఆ చుట్టరికమే అనర్హత.

గృహహింస నుంచి మహిళలకు రక్షణ కల్పించే 2005 నాటి చట్టం 2006 అక్టోబరు 26 నుంచి అమలులో ఉన్నది. ఫిర్యాదు చేసిన స్త్రీని, ఎదుటి పక్షాన్ని విడివిడిగా గాని, కలిపి గాని కౌన్సిలింగుకు పంపే అధికారం మేజిస్ట్రేటుకు ఉంది. అలా పంపితే రెండు నెలలకు మించకుండా వాయిదా వేయాలి. ఆ కౌన్సిలరు ఎలా నడచుకోవాలో 2006 నిబంధనల్లో రాసి ఉంది. ఉభయ పక్షాల్లో ఎవరికైనా బంధువైనా, తగవుతో సంబంధమున్నా, అందరూ రాతపూర్వకంగా సమ్మతిస్తే తప్ప ఆ పనికి పనికిరారు. భర్త తరఫున వాదించిన వకీలు కూడా పనికిరాడు. వీలైనంతవరకు కౌన్సిలర్లు స్త్రీలే కావాలి.

వీటన్నిటికంటె గట్టి నిబంధన మరొకటి ఉన్నది. తాను ఎందుకు కొట్టాడో సమర్థించుకోవడానికి భర్తకు అక్కడ వీలు లేదు. కూర కుదరలేదనో, ఎదురు మాట్లాడిందనో, అందుకే చేయి చేసుకున్నాననో చెబితే చెల్లదు. ఈ సంగతి మొదలుపెట్టక ముందే ఆయనకు తెలియజెప్పాలి. ఇకమీదట హింసించనని హామీ కూడా ఇవ్వాలి. రాజీ ప్రయత్నమంటారా, అది ఆమె కోరితేనే. పంచాయతీలో సగం పొద్దు "నీ తప్పు లేదా అమ్మాయ్" అన్న ప్రశ్నతోనే గడిచిపోతుందన్నది అందరూ ఎరిగినదే. పెద్దమనుషులకు దురుద్దేశమున్నదని కాదు. వారికి కాపురం నిలవడం ముఖ్యం. నిబంధనలకు మాత్రం దెబ్బలు ఆగడం ముఖ్యం.

గుట్టు విషయంలో మరో మెలిక ఉంది. రాజీ కోసం మధ్యవర్తి ముందు చెప్పుకున్న మాటలు బయటికి పొక్కకూడదన్నది సాధారణ నియమం. బిడ్డ ఎవరి దగ్గర పెరగాలన్న తగవులో అలా కాదు. బిడ్డతో మాట్లాడి కౌన్సిలరు ఇచ్చే నివేదికను కోర్టు చూడవచ్చునని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. బిడ్డ మేలు పెద్దల గుట్టుకంటె ముందన్నది దాని సారం. నోరు విప్పే ముందే ఈ తేడా తెలుసుకోవడం మంచిది.

కోర్టు పంపిన చోట ఈపాటి రక్షణ ఉంది. పట్నంలో బోర్డు కట్టి, రుసుము పుచ్చుకుని, దంపతులకు సలహాలు చెప్పేవారి సంగతే చిక్కు. డాక్టరుకు రిజిస్ట్రేషను, వకీలుకు బార్ కౌన్సిలు ఉన్నాయి. దంపతుల కౌన్సిలరుకు మన దేశంలో విడిగా లైసెన్సు లేదు. 2021లో వచ్చిన అనుబంధ వైద్య వృత్తుల చట్టం పట్టికలో కొన్ని రకాల కౌన్సిలర్లు చేరారు గాని, ఆ లోటు తీరలేదు. మనవాళ్లు ఎందరో స్థిరపడిన అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 1963లోనే ఈ వృత్తికి లైసెన్సు చట్టం చేసింది. ఇప్పుడక్కడ లైసెన్సు రావాలంటే చదువుతోపాటు 3,000 గంటలు అనుభవజ్ఞుల అజమాయిషీలో పనిచేయాలి. ఆ దేశపు కుటుంబ చికిత్సకుల సంఘం నియమావళి ప్రకారం భార్య ఒంటరిగా చెప్పిన మాటను ఆమె రాతపూర్వక అనుమతి లేకుండా భర్తకు చెప్పరాదు. కలిసుండాలా విడిపోవాలా అన్న నిర్ణయం దంపతులదేనని వారికి స్పష్టం చేయాలి. గీత దాటినవారి లైసెన్సు రద్దు చేసే అధికారం అక్కడి బోర్డుకు ఉంది.

ఇక్కడ రద్దు చేయడానికి ఆ కాగితమే లేదు. కనుక ఏం చదివారు, చెప్పింది ఎవరికి చేరవేస్తారు అని ముందే అడగవలసింది వెళ్లేవారే. గృహహింస కేసుల్లో రక్షణాధికారిని ఆశ్రయించవచ్చు. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. కౌన్సిలింగులో రాజీ కుదిరినా మేజిస్ట్రేటు ఉభయులనూ విచారించిన తరువాతే దానిని ఆమోదించాలి. బలవంతం మీద ఒప్పుకున్న ఆడకూతురు ఆ మాట చెప్పవలసింది అప్పుడే.