దాచవలసిన జబ్బు కాదిది

మా పేటలోని ఒక సోదరికి రొమ్ము క్యాన్సర్ వచ్చిందని మాకు తెలిసేసరికే ఆమెకు నాలుగు విడతల కీమోథెరపీ పూర్తయింది. అంతవరకూ "పుట్టింటికి వెళ్లింది" అనే ఇంటివారు చెబుతూ వచ్చారు. వారిని తప్పుపట్టలేము. ఇంట్లో పెళ్లీడుకొచ్చిన ఇద్దరు ఆడపిల్లలున్నారు. విషయం బయటపడితే సంబంధాలు తప్పిపోతాయని వారి భయం. ఆ భయాన్ని కలిగించింది మన సమాజమే.

రొమ్ము క్యాన్సర్ అంటువ్యాధి కాదు. ఒకే దస్తర్‌ఖాన్ మీద భోంచేసినంత మాత్రాన సోకదు. వంశపారంపర్యంగా వచ్చేది నూటికి ఐదు నుంచి పది మందిలోనే. తల్లి జబ్బును సాకుగా చూపి కూతురి సంబంధాన్ని కాదనడం అజ్ఞానమే కాదు, అన్యాయం కూడా.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వల్ల పేద కుటుంబాలకు శస్త్రచికిత్స, కీమోథెరపీ, రేడియేషన్‌ల భారం ఎంతో తగ్గింది. హైదరాబాదులో ప్రభుత్వ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. అయితే రొమ్ము తొలగించాక అద్దం ముందు నిలబడలేని స్త్రీకి, జుట్టు రాలిపోయి సొంత పిల్లల ఎదుట కూడా తలమీది దుపట్టా తీయని స్త్రీకి ఏ కార్డు ధైర్యమిస్తుంది? మా ఇంటి ఆడవారు వెళ్లి పక్కన కూర్చున్నప్పుడు ఆ సోదరి అన్న మాట ఇది: "నొప్పిని ఓర్చుకున్నాను ఆపా, ఒంటరితనాన్నే ఓర్చుకోలేకపోయాను."

రోగిని పరామర్శించడాన్ని దైవప్రవక్త (స) ముస్లింకు సాటి ముస్లింపై గల హక్కుగా పేర్కొన్నారు. కందక యుద్ధంలో గాయపడిన సాద్ బిన్ ముఆజ్ (రజి)ను రుఫైదా (రజి) గుడారంలో ఉంచి, స్వయంగా వెళ్లి పలకరించేవారు. అటువంటి ఆదర్శం గల మనం, "ఏ పాపం చేసిందో" అని గుసగుసలాడడం తగునా?

ప్రతి మస్జిదు కమిటీకి మా విన్నపం ఇది. జుమా ప్రసంగంలో ఈ జబ్బు గురించి నాలుగు మాటలు చెప్పించండి. ఆసుపత్రికి తోడుగా వెళ్లగల ఇద్దరు ముగ్గురు స్త్రీలను సిద్ధం చేయండి. అర్హులకు దారి ఖర్చులను జకాత్ నుంచి ఇవ్వండి. చికిత్స పూర్తిచేసుకున్న సోదరీమణులను కొత్త రోగుల వద్దకు తీసుకువెళ్లండి. వారి మాటకున్న బలం మన మాటకు ఉండదు. జిల్లా ఆసుపత్రుల్లో మహిళా వైద్యులను, మనోధైర్యం చెప్పే సలహాదారులను నియమించమని ప్రభుత్వాన్ని అడగడం మన హక్కు.

భర్తలకు మరో మాట. ఆమె ఆరోగ్యంగా ఉన్నంతకాలం మీ ఇల్లు నిలిపింది. ఇప్పుడు ఆమెను నిలపడం మీ వంతు.