తోక ముందు... రెక్కలు వెనక!

1906 అక్టోబరు 23. పారిస్‌లోని బగతెల్ మైదానం. పెట్టెల్లాంటి రెక్కలు, ముందుకు పొడుచుకొచ్చిన మెడ... అచ్చం ఎగిరే బాతులా ఉన్న ఓ వింత వాహనం పచ్చికలో పరుగందుకుంది. చూస్తుండగానే చక్రాలు నేలను వదిలాయి. రెండు మూడు మీటర్ల ఎత్తులో దాదాపు 60 మీటర్లు ఎగిరి దిగింది. అంతే... చుట్టూ ఉన్న జనంలో ఒకటే కేకలు, చప్పట్లు!

ఆ విమానం పేరు '14-బిస్'. నడిపింది బ్రెజిల్‌కు చెందిన ఆల్బెర్టో శాంటోస్ డ్యుమాంట్. కాఫీ తోటల యజమాని కొడుకు. 1901లోనే సొంత ఎయిర్‌షిప్‌లో ఈఫిల్ టవర్‌ను చుట్టొచ్చి, గెలిచిన సొమ్మును మెకానిక్‌లకూ పారిస్ పేదలకూ పంచేసిన మనిషి. కొత్త విమానాన్ని మొదట తన 14వ నంబరు ఎయిర్‌షిప్‌కి వేలాడదీసి పరీక్షించాడు. అలా దానికి ఆ పేరొచ్చింది.

వెదురు, కలప, పట్టుగుడ్డతో చేసిన ఈ విమానానికి తోక ముందుంటే, ఇంజిను వెనకుండేది. పైలట్‌కి సీటు లేదు. పేము బుట్టలో నిలబడే నడపాలి. నవంబరు 12 నాటికి రెక్కల చివర్లలో కదిలే పలకలు అమర్చి, వాటి తీగల్ని ఒంటికి బిగించుకున్నాడు. ఎటు ఒరిగితే అటువైపు సర్దుకునేలా అన్నమాట! ఆరోజు 21.5 సెకన్లలో 220 మీటర్లు ఎగిరి రికార్డు సృష్టించాడు.

మరి రైట్ సోదరుల మాటేంటి అంటారా? 1903 డిసెంబరు 17నే వాళ్లు అమెరికాలో విమానం ఎగరేశారు. 1905లో ఏకధాటిగా 39 కిలోమీటర్లు కూడా వెళ్లారు. కాకపోతే పేటెంటు, అమ్మకాల ఒప్పందాలు కుదిరేదాకా తమ యంత్రాన్ని గుట్టుగా ఉంచారు. ఫ్రాన్స్‌లో జనం ముందు ఎగిరి చూపింది 1908లోనే. అందుకే అప్పటిదాకా యూరప్‌లో చాలామంది వాళ్ల మాట నమ్మలేదు. విమాన పితామహుడెవరంటే బ్రెజిల్‌వాసులు ఇప్పటికీ శాంటోస్ పేరే చెబుతారు. 2016 రియో ఒలింపిక్స్ ప్రారంభ వేడుకలోనూ 14-బిస్‌ను ఎగరేసి చూపించారు.

నిజానికి 14-బిస్ ఎక్కువ కాలం నిలవలేదు. 1907 ఏప్రిల్‌లో కూలిపోయింది. శాంటోస్ దాన్ని వదిలేసి 'డెమాయిజెల్' అనే బుల్లి విమానం తయారుచేశాడు. దానికి పేటెంటు తీసుకోలేదు సరికదా, ఎవరైనా చేసుకోండంటూ నమూనా చిత్రాల్ని ఉచితంగా ఇచ్చేశాడు!